సైనప్ ఫారం మార్చబోతే ఎదురైన చిక్కులు

ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థ ఒకదానికి సైనప్ పేజీలు కొత్తగా చేసిచ్చే పని ఎట్టకేలకు పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

రంగులు, బటన్లు, అక్షరాల సైజు లాంటి వాటిలో ఏ ఇబ్బందీ రాలేదు. కోడ్ రాసేవాళ్ళు కూడా అడిగిందల్లా చకచకా చేసిపెట్టారు. ఏడిపించింది ఒక్కటే: ఈ ఫారం నింపేది ఎవరు?

పాత ఫారంలో మొదటి గడి "పేరు". ఎవరి పేరు? డబ్బు కట్టేది తల్లి, చదువుకునేది పిల్లాడు. ఒకావిడ నింపుతుంటే పక్కనే కూర్చుని చూశాను. ముందు తన పేరు రాసింది. పుట్టిన తేదీ అడిగితే అదీ తనదే ఇచ్చింది. కింద "తరగతి" అని కనబడగానే ఆగిపోయింది. "ఓహో, బాబు వివరాలా?" అనుకుంటూ పైకి వెళ్ళి పేరు చెరిపి కొడుకు పేరు రాసింది. తేదీ సంగతి మాత్రం గుర్తు రాలేదు. దాంతో సిస్టమ్ లెక్కలో ఆరో తరగతి పిల్లాడికి వాళ్ళమ్మ వయసు వచ్చేసింది. ఆ తర్వాత ఓటీపీ. మెసేజ్ చూసుకుని తిరిగొచ్చేసరికి పేజీ రీలోడ్ అయి గళ్ళన్నీ ఖాళీ. "తర్వాత చూద్దాం లెండి" అని ఫోన్ బోర్లా పెట్టేసింది. ఆవిడ మళ్ళీ చూడదని ఇద్దరికీ తెలుసు.

వయసు తప్పు పడితే పోయేదేముంది అనుకోకండి. పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని చాలా దేశాల్లో చట్టాలున్నాయి. అమెరికాలో 13 ఏళ్ళలోపు పిల్లలకి, యూరప్‌లో సాధారణంగా 16లోపు వాళ్ళకి ఇది వర్తిస్తుంది. అక్కడ దేశాన్ని బట్టి 13 దాకా తగ్గించుకోవచ్చు. భారత్ 2023లో చేసిన చట్టం ప్రకారమైతే 18 నిండనివాళ్ళంతా పిల్లలే. అందుకే కొత్త ఫారంలో అన్నిటికంటే ముందు "ట్యూషన్ ఎవరికి?" అని అడిగాను. "నాకు", "మా పిల్లలకి" అని రెండే బటన్లు. రెండోది నొక్కితే ఖాతా పెద్దవాళ్ళ పేరు మీద, పిల్లల వివరాలు దాని కింద. ఇద్దరు పిల్లలున్నా సైనప్ ఒక్కసారే.

ఇంతవరకూ అందరూ బాగుందన్నారు. గొడవంతా ఫోన్ నంబరు దగ్గరే మొదలైంది. ముందు టీచర్లనీ, వాళ్ళకి ఖాళీ ఉన్న టైములనీ చూపిద్దాం, క్లాసు బుక్ చేసుకునేటప్పుడు నంబరు అడుగుదాం అన్నాను. సేల్స్ హెడ్ నిండు మీటింగులో "మీకు రంగులు తెలుసు, బిజినెస్ తెలీదు. నంబరు లేకుండా లోపలికి రానిస్తే మేం ఫోన్ ఎవరికి చేయాలి?" అన్నాడు. అందరూ నవ్వారు. ముందురోజు ఇదే ఐడియా అద్భుతం అన్న మేనేజర్ కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అసలు ఒక్కో గడికి ఒక్కో డిపార్టుమెంటు కాపలా. "మా గురించి ఎలా తెలిసింది?" అన్నది మార్కెటింగ్ వాళ్ళది. స్కూలు పేరు ఎవరు పెట్టించారో ఎవరికీ తెలీదు గానీ, తీసేద్దామంటే మాత్రం అందరూ అడ్డమే. మీరు ఇలాంటి పని చేస్తుంటే "ఈ గడి అవసరమా?" అని అడక్కండి, అవసరమనే అంటారు. "ఇందులో రాసింది మీరు దేనికి వాడుతున్నారు?" అని అడగండి. స్కూలు పేరు అలాగే పోయింది.

ఫోన్ నంబరు విషయంలో నేను వాదించడం మానేశాను. రోజంతా ఫోన్లు చేసే అమ్మాయిని తర్వాతి మీటింగుకి పిలిపించాను, ఇది మాత్రం నా తెలివే అని ధైర్యంగా చెప్పుకుంటా. ఆ అమ్మాయి మెల్లగా, "సార్, సగం మంది ఫోన్ ఎత్తరు. ఎత్తినవాళ్ళు మొదట అడిగేది టీచర్ ఎవరు, సాయంత్రం టైము దొరుకుతుందా అనే. అది పేజీలోనే కనిపిస్తే మాకు సగం పని తగ్గుతుంది" అంది. ఎవరూ నవ్వలేదు. సేల్స్ హెడ్ కాసేపు లాప్‌టాప్ చూసుకుని, సరే చేసి చూద్దాం అన్నాడు. తర్వాత పైవాళ్ళకి అదంతా తన ఆలోచనే అని చెప్పుకున్నాడట. చెప్పుకోనీండి, ఆ అమ్మాయికి కనీసం థాంక్స్ చెప్పలేదు, అదే నా బాధ.

ఓటీపీకి ఆరు వేరువేరు గళ్ళు పెట్టకండి, పేస్ట్ చేయబోతే చాలాచోట్ల మొదటి అంకె ఒక్కటే పడుతుంది. ఒకే గడి పెట్టి, అందులో ఏం నింపాలో ఫోన్‌కి చెప్పే సెట్టింగ్ అయిన ఆటోకంప్లీట్‌లో "one-time-code" అని రాస్తే, చాలా ఫోన్లు మెసేజ్‌లోని కోడ్‌ని కీబోర్డు దగ్గరే చూపిస్తాయి. మెసేజ్ కోసం బయటికి వెళ్ళే పనే ఉండదు. వెళ్ళొచ్చినా రాసినవి పోకుండా దాచేలా చేయించాను.

పాస్‌వర్డ్ దగ్గర మాత్రం ఇంకా నెగ్గలేదు. పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి, పైగా పేస్ట్ చేయనివ్వదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇలాంటి నియమాలు వద్దనీ, పేస్ట్ చేయనివ్వాలనీ 2017లోనే సూచించింది. ఆ భాగం కాపీ చేసి సెక్యూరిటీ వాళ్ళకి పంపితే "పరిశీలిస్తాం" అని జవాబొచ్చింది. ఈలోగా గడి పక్కన "చూపించు" బటన్ ఒకటి పెట్టించాను, దానికి వాళ్ళ అనుమతి అక్కర్లేదట.