కొంగలు లేని కాలంలో ఫోబ్జిఖా

భూటాన్ సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ గేటు దాటిన దగ్గర్నుంచీ నాది ఒకటే లెక్క. మన దేశం నుంచి వెళ్లే పర్యాటకులకు మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము. సొంత కారైతే రోజుకు ఇంకో 4,500. అందుకే కారు గేటుకు ఇవతల మన జైగావ్‌లోనే వదిలేసి భూటాన్ టాక్సీ ఎక్కాం. థింఫూ, పునాఖా బాగానే ఉన్నాయి, వాటి గురించి అందరూ రాసేశారు.

ఆగస్టులో ఫోబ్జిఖా లోయకు ఎందుకని డ్రైవర్ దారంతా సణిగాడు. టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు దిగేది అక్టోబరు చివర్లో. వాటి వెనకే జనం, జనం వెనకే గది అద్దెలు. వానాకాలంలో ఆ గొడవ లేదు, బేరం కుదురుతుంది. లోయలో ఏదో వెలితిగా అనిపించింది. కాసేపటికి గానీ తట్టలేదు, ఎక్కడా కరెంటు స్తంభాలు లేవు! కొంగలు తీగలకు తగులుకోకుండా కేబుళ్లు భూమిలోంచి వేశారట.

మేం దిగింది ఒక రైతు ఇంట్లో. గుంటూరువాణ్ననే ధీమాతో ఎమా దత్షి వడ్డించుకున్నాను. పచ్చిమిరపకాయలే కూర, పైన చీజ్. రెండో ముద్దకే నీళ్లడిగాను. ఇంటాయన నవ్వుతూ గది వెచ్చబెట్టే బుఖారీ పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు. ఆ కట్టెకూ పర్మిట్ కావాలన్నాడు. ఇల్లు కట్టుకునే పల్లెవాళ్లకు సర్కారు కలప చౌకగానే ఇస్తుంది, కానీ ఫారెస్టు వాళ్లు సుత్తితో ముద్ర కొట్టిన చెట్టునే నరకాలి. పెరటి వెనక ఒక మొద్దు చూపించాడు. బెరడు చెక్కిన చోట, జిగురు కారి ఎండినా, ముద్ర ఇంకా కనబడుతోంది.

దేశంలో కనీసం 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 నాటి వాళ్ల రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇప్పుడు 70 దాకా ఉంది. సగానికి పైగా నేల పార్కుల్లో, జంతువులు తిరిగే కారిడార్లలో ఉంది. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఆ అడవి అంచు సరిగ్గా ఈయన బంగాళాదుంప చేను దగ్గర ఆగుతుంది, అడవిపందులు మాత్రం ఆగవు. దిగువ చేనుకు కరెంటు కంచె ఉంది, ఎగువ చేనుకు లేదు. దుంపలు తవ్వి ఫుంట్‌షోలింగ్ వేలానికి పంపేదాకా మంచె మీదే కాపలా. నల్లమల పక్కన మా అత్తగారి ఊళ్లో చేను చుట్టూ పాత చీరలు కడతారని చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

రాత్రంతా డబ్బా మోత, మధ్యమధ్యలో కేకలు. మాకూ నిద్ర లేదు. 1,200 కట్టింది దీనికా అనుకున్నాను, కాసేపటికి సిగ్గేసింది. మాకు ఒక్క రాత్రి, ఆయనకు సీజనంతా. పర్యాటకుల డబ్బు పర్యావరణానికీ, ఉచిత వైద్యానికీ, చదువులకూ వెళ్తుందంటారు. అందులో ఎగువ చేనుకు నాలుగు తీగల కంచె రాదా?

తెల్లారి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి టీ అయినా తాగకుండా అడిగాడు, “మా ఆడవాళ్ల కిరాలు కట్టినా పందులు బెదురుతాయా?”

వంటింట్లోంచి ఆవిడ గయ్యిమంది. కిరా అంటే అక్కడి ఆడవాళ్లు ఒంటికి చుట్టుకునే బట్ట, నేయడానికి నెలలు పడుతుందట. కావాలంటే ఆయన తొడుక్కునే అంగీ, గో, చేనుకు కట్టుకోమంది.