పలకలు మూయకముందే చూసిన తెరచాప నౌక

నౌకల షెడ్డులో మేం చూసిన పడవకి ఇంకా తెరచాపలు కట్టే స్తంభాలు, అంటే మాస్టులు, లేవు, రంగు లేదు. చుట్టూ పరంజా, మధ్యలో సుమారు యాభై మీటర్ల అల్యూమినియం ఒళ్లు. పరంజా మెట్లెక్కి డెక్ మీదికి, అక్కణ్ణుంచి ఇరుకు నిచ్చెన మీద ఇంజిన్ గదిలోకి దిగాం. అంత దూరం వెళ్లింది ఆ గది కోసమే. చెక్క పలకలు బిగించేశాక పైపులూ కేబుళ్లూ చాలావరకు కళ్లపడవు.

గాలితో నడిచే పడవకి ఇన్ని యంత్రాలెందుకని అడిగాను. మమ్మల్ని తిప్పి చూపిస్తున్న ఇంజినీరు డెక్ కింద దాగిన, తాళ్లు చుట్టి లాగే వించిలు చూపించారు. ఇంత పెద్ద తెరచాపల్ని లాగే తాళ్ల మీద టన్నుల బరువు పడుతుంది, మనుషుల చేతులు చాలవు. కరెంటు పంపులు పుట్టించే హైడ్రాలిక్ నూనె ఒత్తిడే ఆ పని చేస్తుంది. పడవ దిశ మార్చేటప్పుడు కొద్ది క్షణాల పాటు వించిలన్నీ ఒకేసారి కరెంటు అడుగుతాయి, తర్వాత ఊరుకుంటాయి. ఆ క్షణాల కోసమని భారీ జనరేటర్ పెడితే మిగతా సమయమంతా తక్కువ లోడు మీదే నడవాలి. అలా నడిచే డీజిల్ ఇంజిన్‌లో మసి పేరుకుంటుంది. అందుకే ఇక్కడ ఆ తాకిడిని లిథియం బ్యాటరీలకు అప్పగించి, జనరేటర్లను చిన్నవే పెట్టారు. నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇది.

అసలు చిక్కంతా ఒరగడంతో. మోటారు పడవ చాలావరకు నిటారుగానే ఉంటుంది. ఇది మాత్రం గంటల తరబడి ఇరవై డిగ్రీలు ఒరిగి పోతుంటుంది. అప్పుడు గాలి వీచే వైపు పక్కన ఉన్న సముద్రపు నీటి ద్వారం పైకి తేలిందంటే పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది, చల్లబరిచే నీరు అందక జనరేటర్ వేడెక్కుతుంది. అందుకని రెండు పక్కలా ద్వారాలు పెట్టి, మధ్యలో అడ్డపైపుతో కలిపారు. ఎటు ఒరిగినా మునిగి ఉన్న వైపు నుంచి నీరొస్తుంది. ఇంజిన్ నూనెదీ ఇదే గొడవ: ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంపులో ఒక మూలకు జారిపోతే పంపుకు అందదు. డీజిల్ ట్యాంకుల గాలి గొట్టాలను కూడా పడవ ఒరిగినప్పుడు నూనె బయటికి పొర్లని ఎత్తుకు తీసుకెళ్లారు. ఇవన్నీ నేను అంతకుముందు డ్రాయింగుల్లో చూసినవే. ఆ గొట్టాల వంపులు చేత్తో తడిమాకే ఎందుకలా వేశారో పూర్తిగా ఎక్కింది.

విద్యుత్ పని నడుస్తున్న గదిలో ఎలక్ట్రీషియన్లు కత్తిరించిన ప్రతి రాగి పోగునూ సంచిలో వేసుకుంటున్నారు. అల్యూమినియం మీద పడ్డ రాగి ముక్కకు ఉప్పునీరు తగిలితే అక్కడ లోహం గుంటలు పడుతుంది. అదే కారణంగా పడవ ఒంటిని కరెంటు తిరుగుదారిగా వాడరు, ప్లస్సుకీ మైనస్సుకీ వేరువేరు తీగలు లాగుతారు. రేవులో కట్టేసినప్పుడు తీసుకునే కరెంటు కూడా, ఒడ్డు తీగలకీ పడవ తీగలకీ నేరుగా కలయిక లేకుండా చేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదుగానే లోపలికొస్తుంది. నావిగేషన్ పరికరాలకి 24 వోల్టుల డీసీ, పెద్ద పంపులకి 400 వోల్టుల త్రీఫేజ్. నీరు చొరకుండా కట్టిన అడ్డుగోడల్లోంచి కేబుల్ వెళ్లే ప్రతి చోటా రబ్బరు దిమ్మెలు బిగించి సందు మూశారు.

సముద్రపు నీటిని సన్నని పొర గుండా నెట్టి ఉప్పు వేరుచేసే మంచినీటి యంత్రం చిన్నదే. కానీ సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం (ఉప్పు వల్ల ఎదురయ్యే ఒత్తిడి) దాదాపు 27 బార్లు కాబట్టి ఆ పొర గుండా నీటిని నెట్టడానికి దాని పంపు 55 నుంచి 60 బార్ల దాకా వెళ్లాలి.

ప్రొపెల్లర్ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాం. తెరచాపల మీద వేగంగా పోతున్నప్పుడు నీటి ఒరవడికి అది తిరుగుతుంది, దాని మోటారే జనరేటర్ అవుతుంది. 2018లో నెదర్లాండ్స్‌లో పూర్తయిన, సుమారు 107 మీటర్ల బ్లాక్ పెర్ల్ అనే తెరచాప నౌకలోనూ ఈ ఏర్పాటుంది. వేగం కొంత తగ్గుతుంది, బదులుగా బ్యాటరీలు నిండుతాయి.

తిరిగొస్తూ ఒక పంపు మీద ఎర్ర టేపు చూసి ఆగాను. దాని వడపోత విప్పాలంటే ముందు మూడు పైపులు ఊడదీయాలట. నడిసంద్రంలో, ఒరిగిన పడవలో ఆ పని ఎవరికీ సాధ్యం కాదని, వడ్రంగులు దిగేలోపే దాన్ని పక్కకి జరిపిస్తున్నామని ఇంజినీరు చెప్పారు.