పొంగడం వేరు, పులియడం వేరు: బెంగళూరు వంటింట్లో సోర్‌డో, పిల్లల తెలుగు

బడిలో ఇంగ్లిష్, ఆటల్లో కన్నడ, టీవీలో హిందీ. బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు ఇంటి భాష మిగిలేది ఎక్కువగా వంటింట్లోనే. అక్కడ కూడా "తిన్నావా, పడుకో" దగ్గర ఆగిపోతే మాట ఎదగదు. రోజూ చూడాల్సిన, వాసన పట్టాల్సిన, చెప్పాల్సిన పని ఒకటి చేతికిస్తే మాట దానంతట అదే వస్తుంది. సోర్‌డో అంటే కొన్న ఈస్ట్ వేయకుండా, పులిసిన పిండితోనే పొంగించే బ్రెడ్డు. అందులో వేసే ఆ పులిసిన పిండే స్టార్టర్. దాన్ని పెంచడం అలాంటి పని. దీనికి కావాల్సిన మాటలన్నీ ఇడ్లీ పిండి, పెరుగు దగ్గర మనకు ఎప్పటినుంచో ఉన్నవే.

స్టార్టర్‌ను పిల్లలకు పరిచయం చేయడానికి "తోడు" అన్న మాట చాలు. పాలకు తోడు వేస్తే పెరుగు, పిండికి తోడు వేస్తే రొట్టె. పక్కింటి కన్నడ ఆంటీ దాన్నే హెప్పు అంటుంది. తోడులో ఉండేవి రెండు రకాల జీవులు: గాలి పుట్టించే ఈస్ట్, పులుపు పుట్టించే లాక్టిక్ బ్యాక్టీరియా. రెండూ గోధుమ పొట్టు మీద ఉన్నవే. అందుకే మొదలుపెట్టడానికి మైదా కన్నా పొట్టు తీయని పిండి మేలు.

అర లీటరు గాజు సీసాలో 40 గ్రాముల గోధుమ పిండి, 10 గ్రాముల రాగి పిండి, 50 గ్రాముల నీళ్లు కలపాలి. గరిటెలతో, కప్పులతో కొలవొద్దు, డిజిటల్ తక్కెడ తప్పనిసరి. కావేరి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి కాచి చల్లార్చినవి వాడాలి. మూత వదులుగా పెట్టి, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేయాలి. ఆ బ్యాండు ఐదేళ్ల పిల్లల పని. ఎనిమిదేళ్లు దాటితే తూకం కూడా వాళ్లకే వదిలేయొచ్చు. రోజూ ఒకే వేళకు 50 గ్రాములు ఉంచి మిగతాది తీసేసి, 50 పిండి, 50 నీళ్లు కలపాలి. స్టార్టర్‌కు తిండి పెట్టడమంటే ఇదే. ఇడ్లీ పిండిని వేలితో నాకి చూసే అలవాటున్న పిల్లలకు ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి: పచ్చి గోధుమ పిండిలో జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు, వాసనే చూడాలి, రుచి చూడకూడదు.

రెండో రోజో మూడో రోజో సీసా ఒక్కసారిగా పొంగుతుంది, వాసన బాగుండదు. ఈస్ట్ వచ్చేసిందని పిల్లలు గంతులేస్తారు. అది ఈస్ట్ కాదు, ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా. ఇడ్లీ పిండి పొంగడంలో ప్రధాన పాత్ర దానిదే. పులుపు పెరిగేకొద్దీ అది వెనక్కి తగ్గుతుంది, మూడు నాలుగు రోజులు సీసాలో చలనం ఉండదు. చాలా ఇళ్లలో స్టార్టర్ చెత్తబుట్ట పాలయ్యేది ఇక్కడే. పారేయొద్దు, ఏమీ మార్చొద్దు, తిండి పెడుతూ ఉండండి. ఆ పులుపును తట్టుకునే ఈస్ట్ తర్వాత లేస్తుంది. బెంగళూరు మామూలు వాతావరణంలో ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, డిసెంబరు చలిలో ఇంకా ఎక్కువ. వరసగా మూడుసార్లు, తిండి పెట్టిన నాలుగు నుంచి ఆరు గంటల్లో రెట్టింపైతే సిద్ధమైనట్టు.

పైన బూడిద రంగు నీళ్లు తేలినా, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వచ్చినా ఆకలి అని అర్థం. 20 గ్రాముల స్టార్టర్‌కు 50 పిండి, 50 నీళ్లు చొప్పున పెడితే కుదురుకుంటుంది. గులాబీ, నారింజ చారలు కనబడినా, నూగులాంటి బూజు పట్టినా మాత్రం సీసాతో సహా తీసేయాలి, పై పొర గీసి వాడకూడదు.

అన్నిటికన్నా శ్రద్ధగా నేర్పాల్సింది రెండు క్రియల తేడా. ఇంగ్లిష్‌లో అయితే పిల్లలు అన్నిటికీ కలిపి "ఫెర్మెంట్ అయింది" అనేస్తారు. తెలుగులో పొంగడం వేరు, పులియడం వేరు. పొంగడం గాలి పని, పులియడం ఆమ్లం పని. రెండూ ఒకే వేగంతో నడవవు, రొట్టె చెడేది సాధారణంగా ఆ సందులోనే. పొంగి ఇంకా పులుపెక్కని పిండి నొక్కితే మెల్లగా పైకి వస్తుంది, సాగుతుంది. పులుపు ముదిరితే ఆమ్లం, ఎంజైములు కలిసి, పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్‌ను బలహీనపరుస్తాయి. పిండి జారుగా, చేతికి అంటుకుంటూ, పొయ్యిలో లేవకుండా పరుచుకుపోతుంది. "పొంగిందా, పులిసిందా?" అని రోజూ అడగండి. జవాబు చెప్పాలంటే సీసాను దగ్గరగా చూడక తప్పదు: బుడగలు పైన గుమ్మటంగా ఉన్నాయా, మధ్యలో కుంగి గాజుకు చారలు వదిలిందా? కుంగడం మొదలవకముందే రొట్టెలోకి తీసుకోవాలి.

పులుపు అన్న మాట దగ్గర కన్నడతోనూ చుట్టరికం చూపించొచ్చు. మన పులుపు వాళ్ల హుళి, మన పాలు వాళ్ల హాలు, పల్లె హళ్ళి, పువ్వు హూవు. పాత కన్నడంలో మాట మొదట ఉన్న "ప" తర్వాతి కాలంలో "హ" అయింది. చెన్నైలో ఉంటే ఆ చిక్కే లేదు, అక్కడి తమిళంలో పుళి పుళిగానే ఉంది, పొంగు నుంచే పొంగల్ వచ్చింది. ఆటల్లోని కన్నడ పరాయిది కాదని ఈ జతలు పిల్లలకు చెప్పినంత బాగా మనం చెప్పలేం.

రొట్టెకు మైదా 350 గ్రాములు, గోధుమ పిండి 150, నీళ్లు 330, స్టార్టర్ 100, ఉప్పు 10. మన మైదాకు నీళ్లు ఇంతకన్నా పోస్తే మొదటిసారే చేయి తిరగదు. పిండి, నీళ్లు కలిపి 40 నిమిషాలు నానబెట్టి, తర్వాత స్టార్టర్, ఉప్పు వేయాలి. అరగంటకోసారి అంచు పట్టి సాగదీసి మడవాలి, నాలుగుసార్లు. 26 డిగ్రీల్లో సుమారు ఐదు గంటలు పొంగనివ్వాలి. రెట్టింపు దాకా ఆగొద్దు, ఒకటిన్నర రెట్లు చాలు. చెన్నై ఎండల్లో స్టార్టర్ 50 గ్రాములకు తగ్గించి, నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవి పోయాలి, లేకపోతే పొంగేలోపే పులుపు ముదురుతుంది. ఉండ చేసి పన్నెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) మూత ఉన్న మందపాటి ఇనుప పాత్రను 230 డిగ్రీల్లో ముప్పావు గంట వేడిచేసి, ఉండను అందులో వేసి మూతతో 25 నిమిషాలు, మూత తీసి 20 నిమిషాలు కాల్చాలి. అడుగు మాడితే కింది అరలో ఖాళీ ట్రే పెట్టండి. కనీసం రెండు గంటలు ఆరనివ్వాలి, వేడిమీద కోస్తే లోపల బంకగా ఉంటుంది.

స్టార్టర్ కుదిరాక రోజూ తీసేసే పిండి అట్లకు పనికొస్తుంది. 100 గ్రాములకు 50 గ్రాముల బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు, జారుగా నీళ్లు. మొదటి వారం తీసినది మాత్రం తినొద్దు.

దసరా సెలవులకు ఊరెళ్లేముందు 20 గ్రాముల స్టార్టర్‌లో 50 పిండి, 25 నీళ్లు కలిపి చపాతీ పిండిలా గట్టిగా చేసి ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలు ఉంటుంది. ఊళ్లో కూడా కొనసాగించాలంటే బాగా పొంగిన స్టార్టర్‌ను బటర్ పేపర్ మీద పలచగా పూసి, ఫ్యాను కింద పెళుసుగా ఆరేదాకా ఉంచి, పొట్లం కట్టి పిల్లల సంచిలోనే పెట్టండి. "అమ్మమ్మా, నీకు తోడు తెచ్చాను" అని వాళ్లే చేతికిస్తారు. 5 గ్రాముల పెళుసులను 20 గ్రాముల గోరువెచ్చని నీళ్లలో నాలుగు గంటలు నానబెట్టి 20 గ్రాముల గోధుమ పిండి కలిపితే, రెండు మూడు రోజుల తిండికి మళ్లీ పొంగుతుంది.