మడమ నరం నొప్పి: 12 వారాల బరువుల లెక్క (నా అనుభవం)

పొద్దున మంచం దిగి బాత్‌రూమ్ దాకా కుంటడం, పదిహేను అడుగులకు సర్దుకోవడం. పరుగు మొదలుపెడితే మొదటి కిలోమీటరు నొప్పి, తర్వాత మాయం, సాయంత్రానికి మళ్లీ పట్టేయడం. మడమకు రెండు మూడు వేళ్ల పైన బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కితే కలుక్కుమనడం. ఇవన్నీ కలిస్తే అది చాలావరకు అకిలెస్ టెండినోపతీయే, అంటే అకిలెస్ టెండన్ దెబ్బతిని నొప్పి పెట్టడం. నోటివాటంగా నరం అంటాం గానీ, ఈ టెండన్ పిక్క కండరాలను మడమ ఎముకకు కట్టిన తాడు. నూనె రాస్తే, క్రేప్ బ్యాండేజ్ చుడితే ఆ తాడుకు బలం రాదు. దానికి తెలిసిన భాష బరువు ఒక్కటే.

బరువు మొదలుపెట్టే ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. పరుగెడుతుంటే వెనక నుంచి ఎవరో తన్నినట్టనిపించి, 'ఫట్'మని వినిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. బోర్లా పడుకుని పాదాలు మంచం అంచు బయట వేలాడేసి, ఎవరితోనైనా పిక్కను పిండించండి. పాదం కిందికి వంగకపోతే అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండోది, ఈ మధ్య వాడిన మందులు. విరేచనాలకో, మూత్రంలో మంటకో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ టెండన్లను దెబ్బతీయగలవు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటి డబ్బాలమీద హెచ్చరిక పెట్టించింది. మూడోది, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు, ఇవి ఎక్కువున్నా టెండన్ దెబ్బతినొచ్చు. రెండు మడమలూ పట్టేసి, దాంతోపాటు నడుము కూడా పొద్దున అరగంటకు పైగా బిగుసుకుంటుంటే అది కీళ్లవాతం డాక్టర్ చూడాల్సిన కేసు.

నొప్పి సరిగ్గా ఎక్కడ ఉందో కూడా ముఖ్యం. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన ఉంటే మధ్యభాగం రకం, నాది అదే. ఎముకకు అతుక్కున్న చోటే ఉంటే మెట్టు అంచు నుంచి మడమను కిందికి దించకూడదు, పిక్కను సాగదీయకూడదు. పాదం పైకి వంగినకొద్దీ టెండన్ ఎముకకేసి నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడే అక్కడ సమస్య. ఆ రకంవాళ్లు నేలమట్టం వరకే చేయాలి. ఎక్కువమంది ఇంటర్నెట్‌లో మెట్టు వ్యాయామం చూసి ఇక్కడే చెడగొట్టుకుంటారు.

నేను చేసిన మొదటి తప్పు మూడు వారాల విశ్రాంతి. నొప్పి పోయింది, 5 కిలోమీటర్లు పరుగెత్తాను, మర్నాడు పొద్దున మొదటికొచ్చింది. విశ్రాంతిలో నొప్పి తగ్గుతుంది, దాంతోపాటు టెండన్ మోయగల బరువూ తగ్గుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ దానిమీద ఒంటి బరువుకు ఆరేడు రెట్ల లాగుడు పడుతుంది. పైగా ఇది కండరంలా తొందరగా కొత్తది పుట్టించుకునే కణజాలం కాదు. అణుబాంబు పరీక్షల కాలంలో గాలిలో పెరిగిన కార్బన్-14ను ఆధారం చేసుకుని డెన్మార్క్ పరిశోధకులు 2013లో లెక్కగట్టారు: అకిలెస్ లోపలి భాగం దాదాపు 17 ఏళ్ల వయసులో ఎలా తయారైందో జీవితాంతం అలాగే ఉంటుంది. అందుకే స్కాన్‌లో కనిపించే నల్లమచ్చ మాయమవుతుందని ఎదురుచూడటం దండగ. దాని చుట్టూ ఉన్న మంచి పోగులను బలపరచుకోవాలి.

ఈ వ్యాయామాలకు పేరు తెచ్చింది స్వీడన్ డాక్టర్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్. 1998లో 15 మంది మామూలు రన్నర్ల మీద చేసిన పని అది. మంచి కాలితో మునివేళ్ల మీద లేచి, నొప్పి కాలితో నెమ్మదిగా మెట్టు అంచు కిందికి దిగాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడుసార్లు, మోకాలు కొంచెం వంచి మరో మూడుసార్లు, రోజుకు రెండు పూటలా, వారంలో ఏడు రోజులూ, 12 వారాలు. రోజుకు 180 అన్నమాట. మోకాలు వంచేది ఊరికే కాదు, పిక్క లోపలి పొర సోలియస్ మీద భారం పడటానికి. పరుగులో ఎక్కువ మోసేది అదే. అయితే రోజుకు 180 మొదటి పది రోజులు ఉత్సాహంగా సాగుతాయి, ఆ తర్వాత సాయంత్రం పూట ఎగ్గొట్టడం మొదలవుతుంది.

అందుకే నేను మూడో వారంలో బరువెక్కువ, వేగం తక్కువ పద్ధతికి మారాను, అంటే బరువు మోస్తూ మడమలను నెమ్మదిగా ఎత్తి దించడం. 2015లో కోపెన్‌హాగన్‌లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఫలితాలు రెంటిలోనూ బాగున్నాయి. కానీ వారానికి పట్టిన సమయం మెట్టు పద్ధతిలో 308 నిమిషాలు, బరువుల పద్ధతిలో 107. ఉద్యోగం చేసుకునేవాడికి ఆ తేడాయే పెద్ద మందు. వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక రోజు ఖాళీ. బరువులు మోసిన మొదటి రోజు, రోజున్నర టెండన్‌లో కొలాజెన్ (దాని పోగులను తయారుచేసే ప్రోటీన్) పుట్టేదానికంటే విరిగేదే ఎక్కువ, ఆ తర్వాతే లెక్క తిరగబడుతుంది. ఖాళీ రోజు అందుకు.

మొదటి వారం 15సార్లు ఎత్తగలిగి 16వసారి ఎత్తలేని బరువు. 2, 3 వారాల్లో 12సార్లది, 4, 5లో 10సార్లది, 6 నుంచి 8 దాకా 8సార్లది, 9 నుంచి 12 దాకా 6సార్లది. అంటే సార్లు తగ్గేకొద్దీ బరువు పెరగాలి. ప్రతిదీ మూడు నాలుగు సెట్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల విరామం. నిలబడి చేసేదానికి స్మిత్ మెషీన్‌లో (పట్టాల మధ్య పైకీ కిందికీ జారే బరువుల కడ్డీ) రెండు కాళ్లతో 40 కిలోలతో మొదలుపెట్టి 90కి వచ్చాను. కూర్చుని మోకాళ్ల మీద బరువు పెట్టుకుని చేసేది 30 నుంచి 60కి. జిమ్ లేనివాళ్లు వీపు బ్యాగులో అయిదేసి కిలోల బియ్యం ప్యాకెట్లు ఒక్కొక్కటే పెంచుకుంటూ ఒంటికాలితో చేయొచ్చు. బ్యాగు పట్టీలు 20 కిలోల దగ్గర భుజాలను కోసేస్తాయి, కింద తువ్వాలు మడిచి పెట్టుకోండి.

ఎత్తడానికి మూడు సెకన్లు, దించడానికి మూడు. ఫోన్‌లో టిక్ టిక్‌మని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టుకోకపోతే ఆరో సారికే రెండు సెకన్లకు వచ్చేస్తాం. కింద చేరగానే స్ప్రింగులా ఎగిరితే టెండన్ సాగి తిరిగిచ్చే శక్తితోనే పైకి లేస్తాం, కండరానికి పనుండదు. ఇంకో మోసం, అలసట వచ్చేకొద్దీ మడమ ఎత్తు తగ్గిపోవడం. ఒంటికాలితో చేసేటప్పుడు గోడకు ఎదురుగా నిలబడి మడమ పూర్తిగా ఎత్తినప్పుడు చాచిన చేతివేళ్లు ఎక్కడ తాకుతున్నాయో అక్కడ ఒక టేపు ముక్క అంటించాను. వేళ్లు టేపును తాకకపోతే అది లెక్కలోకి రాదు. మొదటి రోజు నేను 14 అనుకున్నవి టేపు లెక్కన 9.

ఇక నొప్పి. చేస్తుంటే నొప్పి వస్తే ఆపేయాలా? స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో సిల్బర్‌నాగెల్ బృందం 2007లో పరీక్షించి చూసిన పద్ధతి ప్రకారం 10కి 5 దాకా నొప్పిని ఓర్చుకోవచ్చు. కానీ మర్నాడు పొద్దునకల్లా అది మామూలు స్థాయికి దిగాలి, వారం వారం పెరగకూడదు. ఫిజియోథెరపిస్టు నన్ను ఎప్పుడూ 'ఇప్పుడు నొప్పి ఎంత' అని అడగలేదు. "రేపు పొద్దున మంచం దిగాక చెప్పండి సార్" అనేది. నేను రోజూ మూడు అంకెలు రాసుకున్నాను: మంచం దిగిన మొదటి పది అడుగుల నొప్పి, వ్యాయామంలో నొప్పి, ఆ రోజు ఎత్తిన బరువు. పొద్దుటి అంకె ముందురోజు కంటే 2 పెరిగితే బరువు ఒక మెట్టు దించడం, అంతేగానీ మానేయడం లేదు. నాలుగో వారంలో రెండుసార్లు అలా దించాల్సి వచ్చింది. రెండుసార్లూ కారణం బరువులు కాదు, ఇంట్లో పాలరాతి నేల మీద రోజంతా వట్టికాళ్లతో తిరగడం. ఇంట్లో కొంచెం మడమ ఎత్తున్న చెప్పులు, బూట్లలో సెంటీమీటరు మందం దిండు పెట్టాక ఆ గొడవ తగ్గింది. ఎనిమిదో వారంలో ఆ దిండ్లు తీసేశాను.

మధ్యలో పీఆర్‌పీ ఇంజెక్షన్ తీసుకోమని ఒకచోట గట్టిగానే చెప్పారు. మన రక్తమే తీసి, ప్లేట్‌లెట్లు చిక్కబరిచి ఎక్కిస్తారు. 2010లో నెదర్లాండ్స్‌లో ఉప్పునీటితో పోల్చినా, 2021లో బ్రిటన్‌లో 240 మంది మీద ఉత్తుత్తి సూదితో పోల్చినా తేడా కనబడలేదు. వేలు పోసి కొనే పని కాదని వద్దన్నాను. స్టెరాయిడ్‌ను టెండన్‌లోకే పొడిపించుకోవడం మరీ ప్రమాదం, తెగిపోవచ్చు.

పరుగులోకి తిరిగి రావడానికి రెండు పరీక్షలు పెట్టుకున్నాను. ఒంటికాలి మీద మడమ ఎత్తడం రెండు వైపులా 25 చొప్పున, టేపును తాకుతూ. ఉన్నచోటే ఒంటికాలి గెంతులు 20, నొప్పి 2 దాటకుండా. పదో వారంలో రెండూ కుదిరాయి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. అదీ మూడు రోజులకోసారి. దూరం, వేగం, ఎత్తుపల్లం, ఈ మూడింట్లో వారానికి ఒక్కటే పెంచాలి. టెండన్‌ను ఎక్కువగా లాగేది దూరం కంటే వేగం, ఎత్తు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు తయారయ్యేవాళ్లు ఫ్లైఓవర్ల సాధనను చివరికి ఉంచుకోవాలి.

టెండన్ స్థితిని కొలిచే వీసా-ఏ ప్రశ్నావళి ఒకటుంది, ఎనిమిది ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి రోజు నాకు 48, 12 వారాలకు 71, ఏడో నెలలో 90. ఈ 71 దగ్గరే చాలామంది 'తగ్గిపోయింది' అని బరువులు మానేస్తారు. నేను వారానికి రెండు రోజులు, 6సార్ల బరువుతో ఇప్పటికీ చేస్తున్నాను. మడమ పైన ఉల్లిపాయ మొగ్గంత ఉబ్బు అలాగే ఉంది. నొక్కితే చేతికి తగులుతుంది, నొప్పి లేదు.