ఏడుసార్లు వెలగాల్సిన దీపం

పిన్‌బాల్ మెషీన్లు బాగుచేస్తానంటే మనవాళ్లలో చాలామందికి ముందు అదేమిటో చెప్పాలి. నడుం ఎత్తున ఏటవాలుగా ఉండే బల్ల, పైన గాజు పలక, లోపల ఉక్కు గోలీ. గోలీ కిందికి జారిపోకుండా రెండు చిన్న చేతుల్లాంటి ఫ్లిప్పర్లతో పైకి కొడుతూ ఉండాలి. ఇండియాలో ఉన్నప్పుడు నేనూ చూసింది లేదు. ఇప్పుడు షికాగో శివార్లలో నా జీతం వాటి మీదే.

షికాగో అంటే పిన్‌బాల్‌కు పుట్టిల్లే. గాట్‌లీబ్, బ్యాలీ, విలియమ్స్ అన్నీ ఇక్కడి కంపెనీలే. ఫ్లిప్పర్లున్న మొదటి మెషీన్ ‘హంప్టీ డంప్టీ’ని 1947లో గాట్‌లీబ్ ఇక్కడే తయారుచేసింది. న్యూయార్క్‌లో దీన్ని జూదం కింద లెక్కగట్టి 1940లలో నిషేధిస్తే, మళ్లీ ఆడుకోనిచ్చింది 1976లో. ఆ తర్వాతి ఏడాదే, 1977లో, బ్యాలీ వాళ్ల ‘ఎయిట్ బాల్’ వచ్చింది. ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. అందుకే ఇప్పటికీ ఈ చుట్టుపక్కల ఏదో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది.

నాది తెనాలి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి టీవీ రిపేరు షాపులో కుదిరాను. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీలు, డయనోరా, సాలిడేర్, ఏది వచ్చినా సరే. బోర్డు పోతే కొత్త బోర్డు తెప్పించే స్తోమత కస్టమర్‌కూ ఉండేది కాదు, మాకూ ఉండేది కాదు. ఏ ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందో, ఏ రెసిస్టర్ ఓపెన్ అయిందో పట్టుకుని దాన్ని మాత్రమే మార్చేవాళ్లం. ఎల్‌సీడీలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. మా ఆవిడ తరఫున గ్రీన్‌కార్డు వచ్చి ఇక్కడికి వచ్చాక, నా డిప్లొమాను, అనుభవాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. గోడౌన్‌లో డబ్బాలు మోశాను. గ్రోసరీ స్టోర్‌లో బిల్లింగ్ చేశాను. ఆ రోజుల్లో నన్ను బాగా కుంగదీసింది జీతం కాదు. ఇరవై ఏళ్లు నేర్చుకున్న పని ఇక చేతికి రాదేమోనన్న బెంగ.

ఇప్పుడున్న షాపులో మొదట నన్ను పెట్టుకుంది మెషీన్లు మోయడానికి, గాజు తుడవడానికి. చాలావరకు వంద కేజీలకు పైనే ఉంటాయి. ఒకరోజు బోర్డు ఒకటి చెత్తలో పడేయబోతుంటే, ఒకసారి చూడనిస్తారా అని అడిగాను. చూస్తే కనెక్టర్ పిన్నుల దగ్గర డ్రై సోల్డర్, అంటే సరిగ్గా పట్టని అతుకు. సోల్డర్ తీసేసి మళ్లీ వేశాను. పనిచేసింది. యజమాని వయసులో పెద్దాయన, పెద్దగా మాట్లాడరు. ఆ రోజూ ఏమీ అనలేదు. మర్నాడు వెళ్లేసరికి నా పేరు రాసిన టూల్‌బాక్స్, పక్కన మరో ఆరు చచ్చిన బోర్డులు నా కోసం ఉన్నాయి.

ఇక్కడి పద్ధతి వేరు. కొత్తగా తయారుచేసిన బోర్డులు మార్కెట్‌లో దొరుకుతాయి. పాతది ఊడదీసి అది పెట్టేస్తే గంటలో పని అయిపోతుంది. చాలా షాపులు చేసేది అదే. కొన్నిసార్లు అదే సరైన పని కూడా. కానీ అసలు తప్పు వైరింగ్‌లోనో, ఫ్లిప్పర్ల లాంటివాటిని కదిలించే కాయిల్‌లోనో ఉంటే, ఖరీదైన కొత్త బోర్డు కూడా ఆ క్షణమే కాలిపోతుంది. తప్పెక్కడుందో తెలియకుండా దేన్నీ మార్చకూడదని నేను గట్టిగా నమ్ముతాను. పైగా ఆనాటి ఇంజనీర్లు ఆ తప్పును మనకు చెప్పడానికి మెషీన్‌లోనే ఏర్పాటు చేశారు.

ఆ ఏర్పాటు ఎలాంటిదో చెప్పాలంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి.

షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఒక తెలుగు కుటుంబం ఇల్లు కొంది. పాత ఓనర్లు బేస్‌మెంట్‌లో ఒక మెషీన్ వదిలేసి వెళ్లారు. మోయడం కష్టమని వదిలేశారో, పాడైందని వదిలేశారో తెలియదు. షాపుకు ఫోన్ చేసిన అబ్బాయిది ఖమ్మం. నా గొంతు వినగానే “అన్నా, మీరు తెలుగువాళ్లా?” అని తెలుగులోకి దిగిపోయాడు. “స్విచ్ వేస్తే లైట్లన్నీ వస్తున్నాయన్నా. కానీ గేమ్ మొదలవ్వట్లేదు. మా పాప రోజూ బటన్లు నొక్కి చూస్తోంది.”

“ముందు ప్లగ్ తీసెయ్ బాబూ. నేనొచ్చేదాకా మళ్లీ పెట్టొద్దు” అన్నాను. అలా చెప్పడానికి కారణం ఉంది. ఆ మెషీన్లలో అంకెలు కనిపించే డిస్‌ప్లేలకు 190 వోల్టుల డీసీ వెళ్తుంది. కాయిళ్లకు 43 వోల్టులు. ఏదైనా కాయిల్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉంటే, స్విచ్ వేసిన దగ్గర్నుంచి ఆ కాయిల్‌కు కరెంటు ఆగదు. ఆ లైనులో సరైన ఫ్యూజ్ ఉంటే అది పోతుంది. గతంలో ఎవరైనా అక్కడ పెద్ద ఫ్యూజ్ పెట్టేసి ఉంటే మాత్రం కాయిలే కాలుతుంది. పిల్లలున్న ఇంట్లో అది చాలా ప్రమాదం.

వెళ్లి చూస్తే ఎయిట్ బాల్. వెనక పెట్టె తలుపు తెరవగానే ప్రాసెసర్ బోర్డు మీద ఆకుపచ్చటి పొక్కులు. వాటి మధ్యలో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. హైస్కోర్లు గుర్తుంచుకోవడానికి పెట్టారు దాన్ని. ఏళ్ల తరబడి మార్చకపోతే లోపలి క్షారం కారుతుంది. అది రాగి గీతల మీదికి పాకి, చెదపట్టిన చెక్కలా పైకి బాగానే కనిపించే బోర్డును లోపల్లోపల తినేస్తుంది. పైగా బ్యాటరీ పక్కనే, స్విచ్ వేయగానే ప్రాసెసర్‌ను మొదలుపెట్టించే రీసెట్ సర్క్యూట్ ఉంది. ముందు పోయేది అదే.

అదే బోర్డు మీద ఒక చిన్న ఎర్ర ఎల్ఈడీ ఉంటుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. స్విచ్ వేయగానే అది ఒకసారి మిణుకుమని, తర్వాత ఏడుసార్లు వెలగాలి. ప్రోగ్రాం చిప్పులు బాగుంటే ఒకసారి. 6810 మెమరీ చిప్ బాగుంటే రెండోసారి. బ్యాటరీతో నడిచే 5101 మెమరీకి మూడోసారి. బయటి ప్రపంచంతో మాట్లాడే రెండు పీఐఏ చిప్పులకు నాలుగు, ఐదు. 555 టైమర్ సర్క్యూట్‌కు ఆరు. కాయిళ్ల 43 వోల్టుల లైను వస్తోందని తెలిస్తే ఏడు. ఎక్కడ ఆగిపోతే ఆ తర్వాతి భాగంలో తప్పున్నట్టు. స్క్రీన్ లేదు, కంప్యూటర్ తగిలించే వీలు లేదు. ఏ బార్‌లోనో, ఏ బౌలింగ్ హాల్లోనో టార్చిలైట్ పట్టుకుని వంగి చూసే మెకానిక్ కోసం డెబ్బైల్లోనే ఎవరో ఇంత ఆలోచించి పెట్టారు. వాళ్ల మీద నాకు చాలా గౌరవం.

ఈ మెషీన్‌లో ఎల్ఈడీ మిణుకుమనలేదు. స్విచ్ వేయగానే వెలిగి అలాగే ఉండిపోయింది. ప్రాసెసర్ అసలు మొదలవ్వడమే లేదన్నమాట.

అయినా ముందు బోర్డు జోలికి పోలేదు. కరెంటు కట్టేసి బోర్డుల కనెక్టర్లన్నీ తీసి, మళ్లీ స్విచ్ వేసి, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ బోర్డు మీద ఒక్కో వోల్టేజీ కొలిచాను. అన్నీ సరిపోయాయి. కనెక్టర్లు మళ్లీ పెట్టి చూస్తే 5 వోల్టుల లైనులో మాత్రం రిపిల్, అంటే వోల్టేజీలో ఎగుడుదిగుడు, ఎక్కువగా ఉంది. దానికి కారణం 11,700 మైక్రోఫారడ్ల పెద్ద కెపాసిటర్. అంత పాతది ఎలాగూ మార్చాల్సిందే. మార్చాక ప్రాసెసర్ బోర్డు విప్పి షాపుకు తెచ్చాను.

బ్యాటరీ కత్తిరించి తీసేశాక, తెల్ల వెనిగర్‌లో నీళ్లు కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. క్షారం విరగాలంటే ఆమ్లం తగలాలి. తర్వాత మంచినీళ్లతో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాను. ఆకుపచ్చ పట్టిన చోట సన్న ఎమరీ పేపర్‌తో రాగి మెరిసేదాకా గీకి, తెగిపోయిన గీతలకు సన్న వైరుతో జంపర్లు వేశాను. తొందర పనికిరాదు ఇక్కడ. కొంచెం క్షారం మిగిలినా ఆరు నెలలకు మళ్లీ మొదలవుతుంది. సోల్డర్ కూడా నల్లబడిన రాగికి పట్టదు.

ఆ తర్వాత మల్టీమీటర్ పెట్టి ప్రాసెసర్ నలభయ్యో కాలు చూశాను. ఇందులోని ప్రాసెసర్ 6800 చిప్, దానికి అది రీసెట్ కాలు. స్విచ్ వేశాక 5 వోల్టుల దగ్గరికి రావాలి. ఒక వోల్టు కూడా లేదు. రీసెట్ భాగంలోని ట్రాన్సిస్టర్లు, తుప్పుపట్టిన రెసిస్టర్లు, డయోడ్లు అన్నీ మార్చాను. స్విచ్ వేస్తే ఎల్ఈడీ మిణుకుమంది. ఒకటి, రెండు. అక్కడ ఆగింది.

మూడోది 5101. చిప్ ఊడదీసి టెస్ట్ చేస్తే బాగానే ఉంది. తప్పు సాకెట్‌లో. లోపలి రేకులు నల్లబడిపోయాయి. కొత్త సాకెట్ వేస్తే ఆరు దాకా వెళ్లింది. బెంచ్ మీద 43 వోల్టులు ఇవ్వం కాబట్టి ఆరుతో ఆగడం మామూలే. నేపర్‌విల్ తీసుకెళ్లి మెషీన్‌లో బిగించాను. పాప నా పక్కనే నిలబడి పైకి లెక్కపెట్టింది. ఏడు రాగానే గేమ్ మొదలుపెట్టే శబ్దం వచ్చింది. వాళ్లమ్మ “అన్నయ్యగారూ, భోంచేసి వెళ్లాలి” అంది. ఇంకా పని ఉందమ్మా అన్నాను. నిజంగానే ఉంది.

ఎవరూ గోలీ తాకకుండానే స్కోరు పెరుగుతోంది. నాణేలు వేసే తలుపు లోపల టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కుతూ పోతే లైట్లు, డిస్‌ప్లేలు, కాయిళ్లు వరసగా పరీక్షిస్తుంది. చివర్లో ఏదైనా స్విచ్ అతుక్కుపోయి ఉంటే దాని నంబర్ చూపిస్తుంది. చూపించింది గోలీని తన్ని పంపే ఒక బంపర్ స్విచ్‌ను. వంగి చూస్తే స్విచ్ ఆకుల మధ్య సందు స్పష్టంగా ఉంది. అతుక్కోలేదు. అయితే దాని మీద చిన్న కెపాసిటర్ ఉంటుంది. గోలీ తగిలి స్విచ్ కలిసేది చాలా తక్కువ సేపు. ప్రాసెసర్ అన్ని స్విచ్‌లనూ వంతులవారీగా చూస్తూ పోతుంది కాబట్టి, దీని వంతు వచ్చేసరికి ఆ స్పర్శ జారిపోవచ్చు. దాన్ని కాస్త సాగదీయడానికే ఆ కెపాసిటర్. అది షార్ట్ అయింది. ఒక కాలు కత్తిరించగానే స్కోరు పెరగడం ఆగింది. కొత్తది వేశాను. చూడ్డానికి స్విచ్ తప్పులా కనిపించేవాటిలో చాలా వాటికి కారణం ఇదే. దానికి బోర్డు మార్చమని చెప్పేవాళ్లూ ఉన్నారు.

బ్యాటరీ మళ్లీ బోర్డు మీద పెట్టలేదు. వైరు లాగి దూరంగా, కారినా ఏ బోర్డు మీదా పడని చోట, డయోడ్‌తో సహా బిగించాను. ఇలినాయ్‌లో వేసవిలో బేస్‌మెంట్‌లు చెమ్మగిల్లుతాయి. అక్కడ డీహ్యూమిడిఫయర్ పెట్టమని చెప్పాను. ఇల్లు కొన్నప్పుడు ఇలాంటి మెషీన్ దొరికితే ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: నడుస్తున్నా నడవకపోయినా ముందు వెనక పెట్టె తెరిచి బ్యాటరీ చూడండి.

ఆ తర్వాత భోజనం చేశాను. గోంగూర పచ్చడి ఖమ్మం నుంచి వచ్చిందట.

షాపులో ఇప్పుడు నాకు సహాయంగా ఒక కుర్రాడు ఉన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగాడు, చురుకైనవాడు. బోర్డు మార్చడం బాగా వచ్చు, లోపల వెతకడం కొత్త. మేం తెనాలిలో సిరీస్ బల్బు పెట్టి టీవీలు ఎలా చూసేవాళ్లమో చెప్పాను. కరెంటు ముందు బల్బు గుండా వెళ్లేలా కలుపుతాం కాబట్టి, లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మెషీన్‌కు మాత్రం ఏమీ కాదు. ఇక్కడి 120 వోల్టులకు సరిపోయే బల్బు, హోల్డర్ కొనుక్కొచ్చి తనే ఒకటి చేసుకున్నాడు. నిన్న ఒక విలియమ్స్ మెషీన్ వచ్చింది. వాటిలో ప్రాసెసర్ బోర్డునూ, కాయిళ్లను నడిపే డ్రైవర్ బోర్డునూ కలిపే నలభై పిన్నుల కనెక్టర్ పెద్ద తలనొప్పి. మెషీన్ మధ్యమధ్యలో ఆగిపోతోందంటే ముందు దాన్నే అనుమానించాలి. నలభై పిన్నులూ తీసి కొత్తవి వేయమన్నాను. మధ్యాహ్నం నుంచి కూర్చుని వేస్తున్నాడు. షాపు మూసే టైమైందని యజమాని వచ్చి చెబితే, ఇంకో పన్నెండు ఉన్నాయి, అవి అయ్యాక తాళం నేనే వేస్తానన్నాడు.