పారేసే లెక్కలు

"పారేసినదాన్ని మళ్లీ తియ్యకు. ఇక్కడ ఆ అలవాటు వద్దు" అన్నాడు మా హెడ్ మెకానిక్, పక్క పిట్ వాళ్లు కూడా వింటుండగానే. చెత్తడబ్బాలో పడ్డ వెనక చైనుని తీసి, పక్కకి వంచి చూసినందుకు. తుప్పు లేదు. రోలర్లు తిరుగుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి చైనుని కడిగి, నూనె రాసి, కొత్తదని అమ్మేవాళ్లున్నారు. పోలండ్‌లో స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ రేసు బళ్ల దగ్గర పనిచేసేవాళ్లం మేం, సీజనంతా నన్ను తొలుస్తున్నది ఇదొక్కటే. ఇంత మంచి సామాను ఇంత తేలిగ్గా ఎలా పారేస్తారు?

మనవాళ్లలో చాలామంది ఈ ఆట చూసి ఉండరు కాబట్టి ముందు బండి సంగతి చెప్పాలి. 500 సీసీ, సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్. ఇంధనం మెథనాల్. బరువు 77 కిలోలకి తగ్గకూడదని రూలు. మన స్ప్లెండర్ ఇంతకంటే ముప్ఫై కిలోలు ఎక్కువే ఉంటుంది. గేరు ఒక్కటే. బ్రేకులు ముందూ లేవు, వెనకా లేవు. నలుగురు రైడర్లు మట్టి ట్రాకు మీద ఎడమకి తిరుగుతూ నాలుగు రౌండ్లు కొడతారు, ఒక నిమిషంలో అయిపోతుంది. దాన్ని ఒక హీట్ అంటారు. మొదటివాడికి 3 పాయింట్లు, తర్వాతి ఇద్దరికీ 2, 1, చివరివాడికి సున్నా. మలుపులో వెనక చక్రాన్ని అడ్డంగా జారనిచ్చి, ఎడమ బూటుకి తొడిగిన ఇనప చెప్పుని నేలకి ఆనించి బండిని తిప్పుతారు. వేగం తగ్గించాలంటే ఉన్నది థ్రాటిల్ ఒక్కటే.

అలాంటి బండికి స్ట్రెయిట్‌లో చైను తెగితే రెండు రకాలుగా పోవచ్చు. ఊడి కింద పడిపోతే అదృష్టం, ఆ హీట్ ఒక్కటే పోతుంది. స్ప్రాకెట్‌కి చుట్టుకుని వెనక చక్రం పట్టేస్తే మాత్రం వెనకొచ్చేవాడికి తప్పించుకునే దారి లేదు. వాడికీ బ్రేకుల్లేవు కదా. ఇదంతా నాకు తెలీక అడగడం లేదు. చూసి పారెయ్యండి, లెక్కపెట్టి పారెయ్యడమేంటి అని నా గోల.

ఇక్కడ ప్రతి సామానుకీ పుస్తకంలో ఒక వరస ఉంటుంది. ఈ ఇంజను ఎన్ని హీట్లు తిరిగింది, ప్రాక్టీసులో ఎన్ని స్టార్టులు కొట్టింది, చైను ఏ రోజు వేశాం, క్లచ్ ప్లేట్లు ఎప్పుడు మార్చాం, అన్నీ రాయాలి. అంకె నిండితే సామాను ఎంత బాగున్నా దిగిపోవాల్సిందే. ఇంజను కూడా అంతే. సుమారు నాలుగైదు మ్యాచ్‌లు కాగానే మేం విప్పకుండా అలాగే ట్యూనర్ దగ్గరికి, అంటే రేసు ఇంజన్లు విప్పి సరిచేసేవాడి దగ్గరికి పంపుతారు. టొరుణ్‌లో రిషార్డ్ కొవాల్‌స్కీ, డెన్మార్క్‌లో ఫ్లెమింగ్ గ్రావెర్సన్, ఇంగ్లండ్‌లో పీటర్ జాన్స్ లాంటి పేర్లు రైడర్ల పేర్లతో సమానంగా వినిపిస్తాయి. మ్యాచ్‌కి ఒక రైడర్ అయిదు హీట్లు తొక్కాడనుకుంటే, ఆ ఇంజను రేసులో తిరిగింది మొత్తం కలిపి అరగంట కూడా ఉండదు. అరగంట తిరిగిన ఇంజను విప్పడమా! మన దగ్గర లారీ ఇంజను బోరింగుకి వచ్చేసరికి ఆ లారీ దేశాన్ని ఎన్నిసార్లు చుట్టి ఉంటుందో.

ఇంజను విషయంలో మాత్రం వాళ్లతో వాదించలేను. పది వేలు దాటిన ఆర్‌పీఎమ్ దగ్గర వాల్వ్ స్ప్రింగుకి అలుపు వస్తుంది. అలిసిన స్ప్రింగు చేతిలో పట్టుకుంటే కొత్తదానిలాగే ఉంటుంది, పొడవు కూడా దాదాపు మారదు. టెస్టర్ మీద నొక్కితేనే బలం తగ్గిందని తెలుస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే పై వేగంలో వాల్వ్ సమయానికి మూసుకోదు, పిస్టన్ వచ్చి తగులుతుంది. కనెక్టింగ్ రాడ్ కూడా అంతే. చప్పుడు చేసి చెప్పేదాకా ఆగితే అది చెప్పదు, విరుగుతుంది. ఆటోనగర్‌లో స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకీ రెండోది చెవికీ ఆనించి ఏ బేరింగు పోయిందో చెప్పే మేస్త్రీలున్నారు, అది గొప్ప విద్యే. కానీ ఆ విద్య అరిగిన సామానుని పట్టుకుంటుంది. ఇక్కడ సామాను అరగకముందే అలిసిపోతుంది.

చైను అలా కాదు. చైను అరుగుదల కంటికి కనపడుతుంది, కొలిస్తే తెలుస్తుంది. ఇరవై లింకులు కొత్త చైను పక్కన పెట్టి లాగి చూస్తే ఎంత సాగిందో చెప్పొచ్చు. కలిపే లింకు క్లిప్పు మూసిన వైపు, చైను వెళ్లే దిక్కుకి ఉందా లేదా చూడాలి, తిరగేసి పెడితే రాళ్లు తగిలి ఎగిరిపోతుంది. ఒక్కో పక్క ప్లేటూ వేలితో తడిమితే పగులుంటే తగులుతుంది. చూడ్డం వచ్చినవాడికి అయిదు నిమిషాల పని. అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే ఆ అయిదు నిమిషాలు ఎక్కడివని హెడ్ మెకానిక్ అడగడు గానీ, సీజన్ క్యాలెండరే అడుగుతుంది. ఏప్రిల్ నించి అక్టోబరు దాకా శుక్రవారం, ఆదివారం పోలండ్ లీగు. మంగళవారం స్వీడన్, బుధవారం డెన్మార్క్, సోమవారమో గురువారమో ఇంగ్లండ్. గ్రాండ్ ప్రీ, అంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్ రౌండు, ఉంటే శనివారం అది. రైడర్ అన్ని లీగులూ తొక్కడు, రెండో మూడో తొక్కుతాడు, విమానంలో వెళ్తాడు. బళ్లు, ఇంజన్లు, టైర్లు, మేమూ వ్యానులో. స్వీడన్‌కి గ్దీనియా నించి కార్ల్స్‌క్రోనాకి రాత్రి ఓడ, లేదంటే ష్వినోఉయ్‌ష్చే నించి ఈస్టాడ్‌కి. పొద్దున దిగి మళ్లీ డ్రైవింగు. ఆ నిద్రమొహంతో చైను లింకులు కొలిచే మనిషిని నమ్మడం కంటే, బాగున్నప్పుడు రాసిన అంకెని నమ్మడమే నయమని వాళ్ల లెక్క. ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ లెక్క తప్పు కాదు.

డబ్బు సంగతీ ఉంది. పోలండ్ లీగులో రైడర్ జీతగాడు కాదు. సంతకం పెట్టినందుకు కొంత, మిగతాది పాయింటుకి ఇంత. బళ్లు తనవే, ఇంజన్ల సర్వీసు తన ఖర్చే, మెకానిక్‌ల జీతాలు తన జేబులోంచే. క్లచ్ ప్లేటు లాగినందుకు ఒక హీట్‌లో మొదట రావాల్సినవాడు చివర వస్తే మూడు పాయింట్ల డబ్బు పోయినట్టు. దాని ముందు చైను ధర ఎంత? మన దగ్గర బండి సొంతదారుడు వేరు, రిపేరు మేస్త్రీ వేరు, నష్టం మూడో మనిషిది. ఇక్కడ ఆ ముగ్గురూ ఒక్కడే. అందుకే పొదుపు అన్న మాటకి వీళ్ల దగ్గర అర్థం మారిపోయింది.

హీట్‌కీ హీట్‌కీ మధ్య మా పని చూస్తే ఇది తెలుస్తుంది. బండి రాగానే స్టాండు ఎక్కించి మెథనాల్ ట్యాప్ కట్టెయ్యాలి. వెనక చక్రం దగ్గరున్న డర్ట్ డిఫ్లెక్టర్‌లో కిలోల కొద్దీ తడిమట్టి ఇరుక్కుంటుంది, మొదట అది గీకాలి, లేకపోతే బరువుకి బరువు, చక్రానికి రాపిడి. రెండు చైన్లూ తిప్పుతూ బాగా బిగుతుగా ఉన్న చోట వదులు చూడాలి, వదులుగా ఉన్నచోట చూసి బిగిస్తే మిగతాచోట తెగేంత బిగుసుకుంటుంది. యాక్సిల్ నట్టు, స్పోకులు. తర్వాత క్లచ్. డ్రై క్లచ్ కాబట్టి స్టార్టులో కాలి ప్లేట్లు ఉబ్బుతాయి, కేబుల్‌లో వదులు పెరుగుతుంది. సరిచెయ్యకపోతే లివరు నొక్కి ఉన్నా బండి ముందుకి పాకుతుంది. స్టార్టింగ్ గేటు దగ్గర అడ్డంగా ఉన్న టేపు తగిలిందా, రైడర్‌ని ఆ హీట్ నించి తీసేస్తారు.

ఆ తర్వాత రైడర్ చెప్పేది వినాలి. వెనక చక్రం ఊరికే తిరుగుతోంది, ముందుకి పోవట్లేదు అంటే ట్రాకు గట్టిపడి జారుతోందని. మామూలుగా వెనక స్ప్రాకెట్ ఒక పన్ను తగ్గిస్తాం, లేదా ఇగ్నిషన్ కాస్త వెనక్కి పెట్టి ఇంజను దూకుడు తగ్గిస్తాం. వాన పడి మట్టి లోతుగా పట్టు ఇస్తుంటే దానికి వ్యతిరేకం. నాలుగేసి హీట్లకి ఒకసారి ట్రాక్టర్ వచ్చి మట్టి సర్ది, నీళ్లు కొట్టి వెళ్తుంది. దానికి ముందు సరిపోయిన సెట్టింగు దాని తర్వాత పనికిరాకపోవచ్చు. వెనక టైరు బ్లాకుల అంచులు గుండ్రంగా అయిపోతే పట్టు పోతుంది, చక్రం తిప్పి బిగించి రెండో అంచు వాడతాం. ఆ తర్వాత అదీ కుప్పలోకే. నున్నగా అయిన ఆటో టైరుకి బ్లేడుతో గాడులు కోసి మళ్లీ రోడ్డెక్కించే దేశం నించి వచ్చినవాడు ఆ కుప్ప వైపు చూడకుండా ఉండటం నేర్చుకోవాలి. ఈలోగా రెండు నిమిషాల సైరన్ మోగుతుంది. బండికి సెల్ఫూ లేదు, కిక్కూ లేదు, తోసి స్టార్ట్ చెయ్యాల్సిందే. రెండు నిమిషాల్లో గేటు దగ్గర లేకపోతే అంతే సంగతులు.

వీళ్ల రూలు పిచ్చికి ఛాంపియన్ అని కూడా లేదు. 2023 సెప్టెంబరులో డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో బార్తోష్ జ్మార్జ్‌లిక్ క్వాలిఫయింగ్‌కి నిర్ణయించిన రేస్ సూట్ కాకుండా వేరేది వేసుకున్నాడని ఆ గ్రాండ్ ప్రీ నించే తీసేశారు. అప్పటికి ప్రపంచ టైటిల్ దాదాపు చేతికొచ్చినవాడు. రెండు వారాలాగి టొరుణ్‌లో ఆ టైటిల్ ఎలాగూ గెలిచాడు. మన దగ్గరైతే "పోనీలెండి, మార్చుకుని వస్తాడు" అని ఒక పెద్దమనిషి సర్దిచెప్పేవాడు. ఆ పెద్దమనిషి లేకపోవడం మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇంత లెక్క ఉన్నవాళ్లకీ అన్నీ కుదరవనుకోండి. 2015లో వార్సాలో ఫుట్‌బాల్ స్టేడియంలో తాత్కాలిక ట్రాకు పరిచి పెట్టిన గ్రాండ్ ప్రీ, గేటు పాడై, మట్టి లేచిపోయి, పన్నెండు హీట్ల దగ్గరే ఆగిపోయింది. ఆ సంగతి ఎత్తితే ఇక్కడ అందరూ టాపిక్ మార్చేస్తారు.

మ్యాచ్ అయిపోయాక వచ్చేది మెథనాల్ పని. ఇంటి దగ్గర ఈ పేరు కల్తీ సారా చావుల వార్తల్లోనే విన్నాం, ఇక్కడ డబ్బాలతో ఎత్తుతున్నాం. చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఎక్కుతుంది, కాబట్టి గ్లౌజులు తియ్యకూడదు. పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. పెట్రోలుతో పోలిస్తే గాలికి రెట్టింపుకి పైగా పోయాలి, అందుకే కార్బ్యురేటర్ జెట్ అంత పెద్దది. గాలిలో తేమని లాక్కుంటుంది, అల్యూమినియాన్ని తింటుంది. అందుకని ట్యాంకు, ఫ్లోట్ బౌల్ ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌ని పెట్రోలుతో కడిగి పెట్టాలి. ఒక్క రాత్రి అలాగే వదిలేస్తే లోపల తెల్లటి పొడి పేరుకుని సన్నదారులు మూసుకుపోతాయి. మూత సరిగా పెట్టని డబ్బాలో మిగిలింది తర్వాతి మ్యాచ్‌కి వాడరు. ఇంజను ఆయిలూ అంతే. మెథనాల్, తేమ దిగి మజ్జిగలా తెల్లబడుతుంది, ప్రతి మ్యాచ్‌కీ తీసెయ్యాల్సిందే. కడగడానికి ముందు గాలి తీసుకునే దారికీ సైలెన్సర్‌కీ బిరడాలు పెట్టడం మరిచిపోతే ఆ ఇంజను మళ్లీ ట్యూనర్ దగ్గరికే.

ఆ ఆయిల్ వాసన దగ్గర మాత్రం నాకు నోరు పడిపోతుంది. పాత పద్ధతి రేసింగ్ ఆయిళ్లు ఆముదంతో చేసినవి. వేడిలో కూడా గట్టిగా పట్టుకునే పొర అది, అందుకే ఈ ఇంజన్లకి పడింది. జిగురు కడుతుందని చాలామంది సింథటిక్‌కి మారారు గానీ ఇంకా వాడేవాళ్లున్నారు. ప్రపంచంలో ఆముదాలు అందరికంటే ఎక్కువ పండేది మన దేశంలోనే, చాలావరకు గుజరాత్‌లో. పాలమూరు, నల్గొండ మెట్టచేలల్లోనూ పండిస్తారు. పోలిష్ ప్రేక్షకులు కంచె దగ్గర నిలబడి గుండెల నిండా పీల్చుకుని ఇదీ స్పీడ్‌వే వాసన అంటారు. వాళ్లకి అది ఆదివారం సాయంత్రం. నాకు తలంటు పోసే పెద్దమ్మ చెయ్యి.

ఒకటి చెప్పకపోతే వాళ్లకి అన్యాయం చేసినట్టే. ఇక్కడా అన్నీ చెత్తలోకి పోవు. పెద్ద రైడర్లు దించేసిన ఇంజన్లు, ఫ్రేములు కింది లీగులకి, జూనియర్లకి అమ్ముడవుతాయి. ఒక హీట్ తిరిగిన టైర్లు ప్రాక్టీసుకి పిల్లలు పట్టుకెళ్తారు. చైన్లు, స్ప్రింగులు, రాడ్లు మాత్రం ఎవరికీ ఇవ్వరు, అడిగినా ఇవ్వరు. సెకండ్ హ్యాండ్ ఇంజనుతో పాటు దాని పుస్తకం చేతిలో పెడతారు. ఎన్ని హీట్లు, ఏ ట్యూనర్, చివరి సర్వీసులో ఏం మార్చారు, అన్నీ అందులో ఉంటాయి. పుస్తకం లేని ఇంజనుకి సగం ధర కూడా రాదు. కొనేవాడు అయినా సరే ప్లగ్ తీసి పిస్టన్‌ని పైకి తెచ్చి, బిగ్ ఎండ్‌లో, అంటే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగులో, పైకీ కిందికీ ఆట ఉందా అని వేలితోనే చూస్తాడు. ఆ మాత్రం చూపు వీళ్లకీ ఉంది, వాడే చోటు వేరు.