తడి మసిగుడ్డ

పొద్దున్న అమ్మ చెయ్యి కాల్చుకుంది. పెద్దగా ఏం కాలేదు, కుడిచేతి రెండు వేళ్ల మీద గిన్నె అంచు ఎర్రటి గీతలా పడింది, అంతే, కానీ నాకు రోజంతా అదే ధ్యాస. మా ఇంట్లో ఇప్పటికీ అన్నం సత్తు గిన్నెలోనే వండి గంజి వారుస్తారు (కుక్కర్ అన్నం నాన్నకి సయించదు), ఇన్నేళ్లుగా వారుస్తున్న మనిషి ఇవాళ గిన్నె ఎత్తగానే "అమ్మో" అంది, అయినా వదిలెయ్యకుండా గట్టు మీద పెట్టాకే చెయ్యి విదిలించింది. "రోజూ పట్టుకునే మసిగుడ్డేనే, ఇవాళేమొచ్చింది?"

గుడ్డ తీసి చూస్తే తడి. రాత్రి ఒలికిన పాలు తుడిచి, ఉతికి ఆరేసిందట. శ్రావణమాసం, రాత్రంతా వాన, మా కోనసీమలో ఈ రోజుల్లో పంచె ఆరడానికే రెండు రోజులు పడుతుంది.

తడిగుడ్డ చల్లగా ఉంటుంది కదా, వేడి ఇంకా బాగా ఆపుతుందనుకుంటాం. కానీ పొడిగుడ్డలో మన వేళ్లని కాపాడేది దారాల మధ్య ఇరుక్కున్న గాలి. గాలిలోంచి వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది, నీళ్లు దానికంటే 20 రెట్లకు పైగా వేడిని పోనిస్తాయి. గుడ్డ తడిస్తే గాలి ఉన్న చోటల్లా నీళ్లు చేరతాయి, ఇంక గిన్నెకీ వేళ్లకీ మధ్య అడ్డేముంది? పైగా అది అల్యూమినియం, స్టీలు కంటే సుమారు 15 రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది, వేళ్లు ఆనిన చోట కాస్త చల్లారేలోపే చుట్టుపక్కల వేడంతా అక్కడికి వచ్చేస్తుంది.

వెన్న రాసుకుంటానంటే ఒప్పుకోలేదు. కుళాయి కింద 20 నిమిషాలు చెయ్యి పెట్టించాను, తీసేస్తానన్నప్పుడల్లా పట్టుకుని ఆపాను. పైచర్మం చల్లబడినా లోపలికి దిగిన వేడి ఉంటుంది, అది మెల్లగా బయటికి రావాలి, పారే నీళ్లయితే ఎప్పటికప్పుడు తీసుకుపోతాయి. "కాల్చిందీ నీళ్లే అంటావు, తగ్గించేదీ నీళ్లే అంటావేంటే" అంది. నిజమే, రెండుసార్లూ నీళ్లు చేసింది ఒకటే పని, వేడిని దాటించడం.

మధ్యాహ్నం గోదావరి లంక నుంచి పిన్ని వచ్చింది. వాళ్ల అత్తగారు మసిగుడ్డ తడిపితే తిట్టేవారట, ఎందుకో మాత్రం ఎప్పుడూ చెప్పలేదట.

సాయంత్రం నాన్న పాత పంచె చింపి, నాలుగు మడతలు వేసి కుట్టి, పొయ్యి పక్కన మేకుకి తగిలించాను. తుడిచే గుడ్డ ఇకనుంచి సింకు దగ్గరే. రాత్రి అమ్మ పాలగిన్నె కొత్త గుడ్డతోనే దించింది, ఎడమచేత్తో.